మడత భూతద్దం: ఎర్ర నల్లిని దశలవారీగా చూడడానికి పనికొస్తుందా?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర, బడులకు ప్రయోగశాల సామాన్లు అమ్మే ఒక దుకాణంలో కొన్న 10 రెట్ల మడత భూతద్దాన్ని ఈ పత్తి కాలంలో మునుగోడు వైపు చేలలో వాడి చూశాను. పగిలిన కాయల మీద గుంపులుగా చేరి, గింజల రసం పీల్చి, దూదికి మరకలు పట్టించే ఎర్ర నల్లి ఏ దశలో ఉందో తెలుసుకోవడానికే దీన్ని కొన్నాను. ఆ పనికి ఇది బాగా అక్కరకొచ్చింది.

ఈ నల్లికి, పిల్లకూ పెద్ద పురుగుకూ మధ్య తిండి లేకుండా మారే ప్యూపా దశ లేదు. తేమ గల నేలలో పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పిల్ల అయిదు సార్లు కుబుసం విడిచి రెక్కల పురుగు అవుతుంది. తొలి రెండు దశల్లో రెక్కల జాడ కనిపించదు. మూడో దశలో చిన్నగా మొదలైన రెక్కల మొగ్గలు అయిదో దశకు వచ్చేసరికి నల్లగా, పొడవుగా పొట్ట మీదికి సాగుతాయి. నాలుగో దశకూ అయిదో దశకూ తేడా వట్టి కంటికి సరిగా చిక్కదు కానీ, అద్దం కింద ఆ మొగ్గల పొడవు చూసి చెప్పవచ్చు.

మీసాల విషయంలో అద్దం ఇంకా మెప్పించింది. పిల్లలోనైనా పెద్దదానిలోనైనా మీసానికి నాలుగే ఖండితాలు. వాటి మధ్య కీళ్లు విడివిడిగా కనిపించాయి. అయితే ఈ అద్దాన్ని పురుగుకు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో పట్టాలి, అంత దగ్గరికి వెళ్తే అది నిలవదు. అందుకే కాయలకు అంటుకున్న కుబుసాలను చూడడం మేలు. మీసాల తొడుగు కూడా వాటిలో కీళ్లతో సహా మిగిలి ఉంటుంది. జిల్లేడు మీది ఎరుపు నలుపుల నల్లిని చూసి ఇదే అనుకునేవారు ఎందరో ఉన్నారు. పెద్ద పురుగు తలను గమనిస్తే, జిల్లేడు నల్లికి ఎన్నో చిన్న కటకాలు కలిసిన పెద్ద కళ్లతో (సంయుక్త నేత్రాలతో) పాటు, ఒక్కో కటకమే ఉండే రెండు చిన్న సరళ నేత్రాలు ఉంటాయి, పత్తి నల్లికి అవి ఉండవు.

మీసాల మీది సన్నని నూగును వివరంగా చూడాలంటే మాత్రం ఇది చాలదు, మైక్రోస్కోపు కావలసిందే. అద్దంతో వచ్చిన చిన్న దీపం నిగనిగలాడే ఎర్రటి ఒంటి మీద పడి కళ్లు చెదిరేలా మెరుస్తుంది కాబట్టి, దాన్ని ఆర్పి పక్కనుంచి పడే ఎండలో చూడాలి. మడత దగ్గరి మర చేను దుమ్ముకు త్వరగా వదులవుతోంది. కొనేముందు దాన్ని రెండు మూడు సార్లు తిప్పి చూసుకోండి.