గూగుల్ సెర్చ్ ఆపరేటర్లు: ఏళ్ల తరబడి వాడాక తేలిన లెక్క

సినిమా టైమింగులు, క్రికెట్ స్కోరు, పక్క వీధిలో మెకానిక్ కోసమైతే గూగుల్‌లో మామూలుగా వెతికితే చాలు. ఫలానా ఏడాది జీవో, ఫలానా జిల్లా నోటిఫికేషన్, ఫలానా మండలం జాబితా కావాలంటే మాత్రం ఆపరేటర్లు, అంటే వెతుకులాటను కట్టడి చేసే ప్రత్యేక మాటలు, గుర్తులు లేకుండా పని జరగదు. ఈ సమీక్ష అలాంటి వెతుకులాట గురించే: ప్రభుత్వ కాగితాలు, తెలుగు పేజీలు, పాత పుస్తకాల స్కాన్లు. నిత్యం వాడేవాళ్లకు వీటిలో ఏవి నమ్మకంగా పనిచేస్తున్నాయో, ఏవి పేరుకే మిగిలాయో చెప్పడమే ఉద్దేశం.

ఇక్కడ ఆపరేటర్ల పేర్లు, వెబ్ చిరునామాలు తెలుగు అక్షరాల్లో రాశాను. వెతికేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. సైట్, ఫైల్‌టైప్ లాంటి వాటి తర్వాత కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా తర్వాతి మాట కొట్టాలి. కోలన్ తర్వాత స్పేస్ పడితే ఆపరేటర్ చెడిపోతుంది. ఫోన్ కీబోర్డు తనంతట తానే స్పేస్ చేర్చేస్తుంటుంది కాబట్టి కొట్టాక ఒకసారి చూసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేది సైట్. సైట్:జీఓవీ.ఇన్ అంటే కేంద్రం, రాష్ట్రాలు, జిల్లాలు అన్నిటి ప్రభుత్వ సైట్లూ వస్తాయి. సైట్:ఏపీ.జీఓవీ.ఇన్ అంటే ఆంధ్రప్రదేశ్‌వి, సైట్:తెలంగాణ.జీఓవీ.ఇన్ అంటే తెలంగాణవి. పాత శాఖల పేజీలు కొన్ని ఇంకా ఎన్ఐసీ.ఇన్ కింద ఉంటాయి, కాబట్టి అక్కడా చూడాలి. చిరునామా చివర ఏటవాలు గీత (స్లాష్) పెట్టి ఫోల్డరు పేరు చేరిస్తే ఆ ఫోల్డరుకే పరిమితమవుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే జిల్లా కాగితాల వెతుకులాట సగం తేలికవుతుంది. ఎందుకో చెబుతాను.

రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా వెబ్‌సైట్లను ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వారి ఎస్3వాస్ అనే వేదిక మీద కట్టారు. పేజీలు జిల్లా చిరునామాలోనే ఉంటాయి. అందులోని పీడీఎఫ్‌లు మాత్రం సీడీఎన్ అనే అక్షరాలతో మొదలై ఎస్3వాస్.జీఓవీ.ఇన్‌తో ముగిసే వేరే చిరునామాలో ఉంటాయి. అందుకే జిల్లా చిరునామాను సైట్‌కు ఇచ్చి, పీడీఎఫ్ ఫైళ్లే చూపమనే ఫైల్‌టైప్:పీడీఎఫ్ చేర్చి వెతికితే ఏమీ లేదనో, ఒకటీ అరా ఉన్నాయనో చూపిస్తుంది. కాగితం లేదనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. చేయాల్సింది ఇది: జిల్లా సైటు తెరిచి, నోటీసుల పేజీలో ఏదో ఒక పీడీఎఫ్ లింకును కాపీ చేయండి. అందులో సీడీఎన్ చిరునామా తర్వాత ఎస్3తో మొదలయ్యే పొడవాటి అక్షరాల, అంకెల వరుస ఉంటుంది. అది ఆ జిల్లా ఫోల్డరు. అక్కడివరకు ఉంచి మిగతాది తీసేసి, సైట్‌కు అదే ఇవ్వండి. ఇక ఆ జిల్లా ఫైళ్లే వస్తాయి. ఆ ఫోల్డరులో ఫైళ్లను ఏడాది, నెలవారీగా పెడతారు కాబట్టి ఆ అంకె వెబ్ చిరునామాలో ఉండాలనే ఇన్‌యూఆర్ఎల్:2023 చేర్చితే ఏడాదీ కుదురుతుంది. తేదీ ఆపరేటర్ల కన్నా ఇక్కడ ఇదే ఎక్కువ నమ్మకం.

ఫైల్‌టైప్‌లో ఒక మెలిక ఉంది. ఎక్స్ఎల్ఎస్ అడిగితే ఎక్స్ఎల్ఎస్ఎక్స్ రాదు, డాక్ అడిగితే డాక్స్ రాదు. రెండూ కావాలంటే మధ్యలో ఓఆర్ పెట్టాలి. ఓ, ఆర్ రెండూ పెద్ద అక్షరాలే కావాలి. చిన్న అక్షరాల్లో కొడితే దాన్ని మామూలు మాటగా లెక్కేస్తుంది. ఓఆర్ తన పక్కనున్న మాటలనే పట్టుకుంటుంది కాబట్టి రెండు మూడు మాటల పదబంధాలైతే ఒక్కోదాన్ని కోట్స్‌లో పెట్టాలి.

వర్డ్‌లోంచి ప్రింట్ ద్వారా పీడీఎఫ్ చేసిన ఫైళ్లకు శీర్షికగా తరచూ "మైక్రోసాఫ్ట్ వర్డ్", దాని వెనక ఫైలు పేరు పడి ఉంటుంది. ఆఫీసుల్లో తయారైన కాగితాల్లో ఈ బాపతువి ఉంటాయి. శీర్షికలో వెతికే ఇన్‌టైటిల్:"మైక్రోసాఫ్ట్ వర్డ్" ఇచ్చి, పక్కన సైట్, విషయం మాటలు చేరిస్తే మామూలు వెతుకులాటలో అడుగున ఉండిపోయే సర్క్యులర్లు బయటికొస్తాయి.

ఇక కోట్స్. వీటి మధ్య పెట్టిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఉన్న పేజీలే చూపమని అర్థం. ఇంగ్లిష్‌లో ఇది అన్నిటికన్నా పదునైన సాధనం. తెలుగులో అదే ఎక్కువ మోసం చేస్తుంది. మన భాషలో విభక్తి మాటకే అతుక్కుంటుంది, బహువచనంలో మాట రూపమే మారుతుంది. "ధాన్యం కొనుగోలు" అని కోట్స్‌లో పెడితే "ధాన్యం కొనుగోళ్లు" ఉన్న పేజీ దొరుకుతుందని నమ్మకం లేదు. దానికి తోడు రాతలో తేడాలు. విద్యుత్ ఛార్జీలు, విద్యుత్తు చార్జీలు, కరెంటు చార్జీలు మూడూ పేపర్లలో కనిపిస్తాయి. హైదరాబాద్, హైదరాబాదు, హైద్రాబాద్ సంగతీ అంతే. కాబట్టి తెలుగులో కోట్స్ వాడితే వీలైనంత చిన్న ముక్కకే వాడాలి, రెండు మూడు రూపాలను ఓఆర్‌తో కలపాలి. ఇలా:

"విద్యుత్ ఛార్జీలు" ఓఆర్ "విద్యుత్తు చార్జీలు" ఓఆర్ "కరెంటు చార్జీలు"

కంటికి కనిపించని తేడా ఇంకొకటుంది. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తు పెడతారు. కొందరు పెట్టరు, అప్పుడు సాఫ్ట్వేర్ అని ఒత్తుతో పడుతుంది. కంప్యూటరుకు ఇవి రెండు వేరువేరు వరుసలు. ఇలాంటి మాట కోట్స్‌లో ఉంటే రెండు రకాలుగానూ వెతకాలి, లేదా ఆ మాటను కోట్స్ బయట వదిలేయాలి.

కోట్స్‌లో పెట్టిన మాట అసలెక్కడా దొరక్కపోతే గూగుల్ ఆ సంగతి ఒక చిన్న వాక్యంలో చెప్పి, కింద కోట్స్ తీసేసిన ఫలితాలు చూపిస్తుంది. ఆ వాక్యం చదవకుండా కిందికి వెళ్తే, అడిగింది దొరికిందనే భ్రమలో పేజీలు తిరగేస్తూ ఉంటాం. చుక్కలు, కామాలు కోట్స్‌లో కూడా లెక్కకు రావు. అందుకే జీవో నంబరు వెతికేటప్పుడు జీవో ఎంఎస్ నంబరు మధ్య చుక్కలు ఎక్కడెక్కడ పెట్టారా అని ఆలోచించనక్కర్లేదు. నంబరు ఒక్కటే ఇస్తే మాత్రం పనికిరాదు. ఒకే నంబరుతో ప్రతి శాఖకూ, ప్రతి ఏడాదీ ఒక జీవో ఉండొచ్చు కాబట్టి శాఖ పేరు, తేదీ జోడించాలి.

తెలుగు పీడీఎఫ్‌ల విషయంలో ఆపరేటర్ల తప్పు కానిదొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్లపాటు తెలుగు కాగితాలను పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో "అను" అనే పేరున్న ఫాంట్లతో కట్టారు. తెర మీద చక్కటి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. కాపీ చేసి వేరేచోట అతికిస్తే సంగతి తేలిపోతుంది. అలాంటి ఫైలును తెలుగు మాటతో ఎంత వెతికినా ఫలితం ఉండదు. అందులో ఇంగ్లిష్‌లో ఉండే అవకాశమున్న వాటినే పట్టుకోవాలి: జీవో నంబరు, తేదీ, పథకం ఇంగ్లిష్ పేరు, ఫైలు పేరు. స్కాన్ చేసిన కాగితాల్లోని అక్షరాలను గూగుల్ కొన్నిసార్లు చదవగలదు. వంకరగా, మసకగా ఉన్న స్కాన్‌లో అదీ కుదరదు.

ఊళ్లు, జిల్లాల పేర్లతో వెతికేవాళ్లు కాలాన్ని కూడా పట్టించుకోవాలి. 2016 అక్టోబరు 11కు ముందు సూర్యాపేట జిల్లా లేదు, అది నల్గొండలో భాగం. 2022 ఏప్రిల్ 4కు ముందు నరసరావుపేట కాగితాలు గుంటూరు జిల్లా పేరుతోనే ఉంటాయి. కడపకు ఇంగ్లిష్‌లో పాత స్పెల్లింగు సీతో మొదలై రెండు డీలతో ఉంటుంది, కొత్తది కేతో మొదలవుతుంది. రాజమండ్రికి 2015 తర్వాతి కాగితాల్లో రాజమహేంద్రవరం అని ఉంటుంది. పాత రికార్డు కావాలంటే పాత పేరు, కొత్త పేరు ఓఆర్‌తో కలిపి ఇవ్వండి. జిల్లా పేరుకన్నా ఊరు, మండలం పేర్లు ఇవ్వడం ఇంకా మేలు. మండలాలు మారినా ఊరి పేరు సాధారణంగా నిలుస్తుంది.

తేదీల కోసం ఉన్న ఆఫ్టర్, బిఫోర్‌లను గూగుల్ 2019లో తెచ్చింది. ఏడాది, నెల, రోజు ఇదే వరుసలో, మధ్యలో అడ్డగీతలతో ఇవ్వాలి. మనకు అలవాటైనట్టు రోజుతో మొదలుపెడితే పనిచేయదు. ఏడాది ఒక్కటే ఇస్తే బిఫోర్ దాన్ని జనవరి 1గా, ఆఫ్టర్ డిసెంబరు 31గా తీసుకుంటుంది, కాబట్టి 2022లో వచ్చినవన్నీ కావాలంటే ఆఫ్టర్‌కు 2021, బిఫోర్‌కు 2023 ఇవ్వాలి. వార్తలకు ఇది బాగా పనిచేస్తుంది. ప్రభుత్వ సైట్లకు అంతంతమాత్రమే. పేజీ మీద తేదీ సరిగా లేనప్పుడు గూగుల్ అంచనా వేసుకుంటుంది. సైటును కొత్త వేదికకు మార్చినప్పుడు పదేళ్ల నాటి కాగితానికి కూడా మార్చిన రోజు తేదీ పడొచ్చు. పాత జీవో కోసం బిఫోర్ పెట్టి ఏమీ రాలేదంటే ముందు దాన్ని తీసేసి, ఏడాదిని మామూలు మాటగా ఇచ్చి చూడండి.

మైనస్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. ముందు ఖాళీ ఉండాలి, తర్వాత ఉండకూడదు. నోటిఫికేషన్ల కోసం వెతికితే ఉద్యోగ వార్తల సైట్లే మొదటి రెండు పేజీలు నింపేస్తాయి. వాటిని మైనస్ సైట్ అని ఒక్కొక్కటిగా తీసేయొచ్చు. అయితే మొత్తం మాటలు 32 దాటితే మిగతావి లెక్కలోకి రావు.

దగ్గరి మాటల కోసం ఉన్న అరౌండ్, అంకెల మధ్య రెండు చుక్కలు పెట్టే పద్ధతి ఇప్పుడు నిలకడగా పనిచేయవు. వాటి మీద సమయం పెట్టొద్దు. ప్లస్ గుర్తును 2011లోనే తీసేశారు. లింక్, క్యాష్ కూడా పోయాయి. పాత చిట్కాల జాబితాల్లో ఇవి ఇంకా తిరుగుతున్నాయి. పైన ఏఐ రాసిన సమాధానం అడ్డొస్తుంటే, ఫలితాల పైనున్న వరుసలో వెబ్ అనే దాన్ని నొక్కితే లింకులే మిగులుతాయి. మన మాటకు గూగుల్ తనంతట తాను పర్యాయపదాలు కలిపేస్తుంటే టూల్స్ కింద వెర్బాటిమ్ ఎంచుకోవాలి. తెలుగు మాటలకు అనుకోని రోమన్ రూపాలు, వేరే అర్థాలు వచ్చి పడినప్పుడు ఇది నిజంగా ఆదుకుంటుంది.

ఆపరేటర్లను ఒకేసారి గుప్పించడం అందరూ చేసే పొరపాటు. ఐదు పెట్టాక ఫలితం సున్నా వస్తే తప్పు ఎక్కడుందో తెలియదు. ముందు మాటలు, తర్వాత సైట్, తర్వాత ఫైల్‌టైప్, చివర తేదీ. ఒక్కోటి చేర్చి ఫలితాలు చూస్తూ వెళ్లాలి. ఇన్‌యూఆర్ఎల్ లాంటివి వేగంగా పదే పదే కొడితే మీరు మనిషేనని నిరూపించుకోమని బొమ్మల పరీక్ష పెడుతుంది. కాసేపు ఆగితే సరిపోతుంది.

కొన్ని చోట్లకు వెళ్లడం గూగుల్‌కు అసలు కుదరదు. మీభూమి, భూభారతి లాంటి వాటిలో సర్వే నంబరు ఇచ్చి, క్యాప్చా కొడితేనే రికార్డు తెరుచుకుంటుంది. అది ఏ ఆపరేటర్‌కూ దొరకదు, ఆ సైటులోనే వెతకాలి. తెలుగు వికీపీడియాలో వెతకడానికి కూడా గూగుల్ కన్నా వికీ సొంత సెర్చ్ పెట్టే మెరుగు. అక్కడ ఇన్‌సోర్స్ అని పెట్టి కోట్స్‌లో మాట ఇస్తే పేజీ మూలపాఠంలో ఆ మాట ఉన్న చోట్లన్నీ వస్తాయి. పాత పుస్తకాల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో టైటిల్, క్రియేటర్, లాంగ్వేజ్ అనే ఆపరేటర్లున్నాయి. భాష గడిలో కొన్నిటికి తెలుగు అని ఇంగ్లిష్‌లో పూర్తిగా, కొన్నిటికి టీ, ఈ, ఎల్ అనే మూడక్షరాలు మాత్రమే ఉంటాయి. రెండూ ఇవ్వాలి. పుస్తకం పేరు రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. ఆంధ్ర అనే మాటే ఒక ఏతో ఒకచోట, రెండు ఏలతో ఇంకోచోట ఉంటుంది. అలాంటి ఒక్కో రూపానికీ మొదటి నాలుగైదు అక్షరాలిచ్చి చివర నక్షత్రం గుర్తు పెట్టడం మేలు.

ఎక్సెల్ ఫైళ్లు వెతికేవాళ్లకు ఒక హెచ్చరిక. లబ్ధిదారుల జాబితాలు ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలతో సహా బయట పడి ఉండటం కనిపిస్తుంది. అవి దొరికాయి కదా అని దించుకోవద్దు, ఎవరికీ పంపొద్దు. ఆ ఆఫీసుకో, దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కో లింకు తెలియజేయండి. ఆ జాబితాలో ఉన్నవాళ్లకు తమ వివరాలు బయట ఉన్నాయని తెలియనైనా తెలియదు.

ఫలితంలో లింకు ఉండి, నొక్కితే పేజీ లేదని వస్తే ఆ చిరునామాను కాపీ చేసి, పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పెట్టండి. ఫైలు పేరు తీసేసి, మిగిలిన చిరునామా చివర నక్షత్రం పెడితే ఆ ఫోల్డరులో దాచిన ఫైళ్లు జాబితాగా వస్తాయి. అందులోనూ పీడీఎఫ్ లేకపోతే ఫైలు పేరును కోట్స్‌లో పెట్టి, సైట్ ఆపరేటర్ లేకుండా గూగుల్‌లో మళ్లీ వెతకండి. జీవోలు, సర్క్యులర్లను ఉపాధ్యాయ, ఉద్యోగ సంఘాల సైట్లు పేరు మార్చకుండా తమ దగ్గర కూడా పెట్టుకుంటుంటాయి. సర్కారు సైటులో పోయిన కాగితం అక్కడ దొరకవచ్చు.