హిమాలయన్‌ని మూడుసార్లు రైలెక్కించాక

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. 2018లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బైకు, మా జిల్లా ఏపీ 30 నంబరు, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని మీద నాలుగుసార్లు ఈశాన్య రాష్ట్రాలకి వెళ్లాను. ఇంటి నుంచి గౌహతి వరకూ నడుపుకుంటూ పోతే పోనూ రానూ కలిపి వారం హైవే మీదే అయిపోతుంది. నాకు దొరికే సెలవు పదిహేను రోజులు. కాబట్టి బండి గౌహతి చేరాలి, నేను అక్కడ ఎక్కాలి.

2019లో మొదటిసారి ఒక ప్రైవేటు ట్రాన్స్‌పోర్టు వాళ్లకి అప్పగించాను. 9 వేలు అన్నారు. దింపేచోట ఇంకో 2 వేలు అడిగారు. చెప్పిన రోజు కంటే ఐదు రోజులు ఆలస్యం, క్లచ్ లివర్ వంగిపోయి వచ్చింది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. ఆ ఐదు రోజులూ లాడ్జిలో కూర్చుని పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. ఆ ట్రిప్‌లో అరుణాచల్‌లోని తవాంగ్ చూడకుండానే తిరిగొచ్చాను.

2022, 2023, 2024లో మాత్రం రైల్లో పంపాను. మనవాళ్లకి నేను చెప్పేది ఒకటే: లగేజీగా బుక్ చేయండి, విశాఖ నుంచి ఎక్కించండి.

విశాఖే ఎందుకంటే, మన శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, అదే ఆమదాలవలసలో, రైలు ఆగేది రెండు నిమిషాలు. అంతలో అంత బరువున్న బండిని ఎక్కించడం అయ్యే పని కాదు. అక్కడి పార్శిల్ గుమస్తా నాకు ముందే ఈ సంగతి చెప్పి చాలా మేలు చేశారు. విశాఖలో హౌరా వైపు వెళ్లే రైళ్లకి ఇంజిన్ అటు నుంచి ఇటు మార్చాలి, అందుకని ఇరవై నిమిషాల దాకా ఆగుతాయి. కళాసీలు హడావుడి లేకుండా ఎక్కిస్తారు. నరసన్నపేట నుంచి విశాఖ వరకూ నడుపుకుంటూ వెళ్తే, ఎక్కించే ముందు ఎలాగూ ఖాళీ చేయాల్సిన ట్యాంకులో పెట్రోలు కూడా చాలావరకు అక్కడికే అయిపోతుంది.

ఇక లగేజీకీ పార్శిల్‌కీ తేడా. పార్శిల్‌కి మనం ప్రయాణం చేయక్కర్లేదు, ఖర్చు తక్కువ, కానీ ఖాళీ దొరికిన రైల్లో వెళ్తుంది. లగేజీకి మన టికెట్ చూపించాలి. చోటుంటే బండి మనం ఎక్కే రైల్లోనే బ్రేక్ వ్యాన్‌లో, అంటే సామాను పెట్టెలో, వస్తుంది. నేను ముందురోజు సాయంత్రమే ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఆధార్ జిరాక్సులతో పార్శిల్ ఆఫీసుకి వెళ్తాను. ఛార్జీ, ప్యాకింగు, కళాసీల కూలి అన్నీ కలిపి నాకు ఒకవైపు ఎప్పుడూ 7 వేలు దాటలేదు.

బుక్ చేసేటప్పుడు చాలామంది పట్టించుకోనిది బండి విలువ. ఫారంలో విలువ రాసి దానికి తగ్గ అదనపు ఛార్జీ కట్టకపోతే, బండికి ఏదైనా జరిగినప్పుడు పరిహారం బరువు లెక్కన ఇస్తారు. లగేజీకి కిలోకి 100 రూపాయలు, పార్శిల్‌కి 50. నా బండి సుమారు 190 కిలోలు. అంటే లక్షన్నర పైన పెట్టి కొన్న బండికి పార్శిల్ లెక్కలో వచ్చేది 9,500. ఈ లెక్క వేసుకున్న రోజు నుంచి నేను విలువ రాయకుండా ఒక్కసారి కూడా పంపలేదు.

ప్యాకింగు స్టేషన్ బయట చేసేవాళ్లున్నారు. అయినా నేను పక్కన నిలబడే చేయిస్తాను. అద్దాలు విప్పి బ్యాగులో పెట్టుకోవాలి. హెడ్‌లైటుకీ మీటర్లకీ ముందు థర్మాకోల్, దాని మీద అట్ట, ఆపైన గోనెపట్టా చుట్టి దబ్బనంతో పురికొస కుట్టించాలి. లివర్లకి విడిగా గుడ్డ చుట్టాలి. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు, అది ప్రాణాలకి సంబంధించిన విషయం. హ్యాండిల్ లాక్ వేయకండి. వేస్తే తిప్పడం కుదరక బండిని ఈడ్చాల్సి వస్తుంది. బయల్దేరే స్టేషన్, దిగే స్టేషన్, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రెండు వైపులా రాయించండి. మూడుసార్లలో బండి మీద పడింది ఒక్క గీత, అదీ సైలెన్సర్ మీద.

గౌహతిలో దిగగానే రసీదు పట్టుకుని పార్శిల్ ఆఫీసుకి వెళ్లిపోవాలి. ఉచితంగా ఉంచేది కొన్ని గంటలే, తర్వాత గంటకింత అని వార్ఫేజ్, అంటే అక్కడ ఉంచినందుకు రుసుము, పడుతుంది. ఖాళీ ట్యాంకుతో బండిని బంకు దాకా తోసుకోవాలి కాబట్టి ఇద్దరుంటే నయం. అరుణాచల్‌లోకి బయటివాళ్లు వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో తీసేసుకోండి.

2024లో వెళ్లేసరికి తవాంగ్ దారిలో సేలా సొరంగం తెరిచారు. అయినా నేను పాత దారినే, 13,700 అడుగుల ఎత్తున్న కనుమ మీదుగానే వెళ్లాను. పైన టీ తాగుతుంటే ఒక జవాను నంబరు ప్లేటు చూసి ఆగాడు.

"అన్నా, మీదే ఊరు?"

"నరసన్నపేట."

"మాది టెక్కలన్నా!" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. సెలవు దొరికి పది నెలలైందట. బండి చుట్టూ తిరిగి, ట్యాంకు మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకుని అక్కడే వాళ్ల అమ్మకి పంపాడు. అద్దె బండి మీద వెళ్లుంటే ఆ పిల్లాడు నన్ను గుర్తుపట్టేవాడు కాదు.

తిరిగి వచ్చేటప్పుడు అదే పద్ధతి, అవే గోనెపట్టాలు. విప్పేటప్పుడు చింపకుండా కుట్లు కోయించి సైడ్ బ్యాగులో దాచుకుంటాను. అక్కడ కొత్తవి వెతుక్కునే పని తప్పుతుంది.