స్పీడ్ బ్రేకర్లకు చాంబర్ గార్డ్: ఏ కారుకు పనికొస్తుంది, ఏ కారుకు దండగ

అనంతపురం యాక్సెసరీ షాపుల్లో ఇంజన్ కింద బిగించడానికి అమ్మే ఇనుప రేకును షెడ్లలో చాంబర్ గార్డ్ అంటారు. స్పీడ్ బ్రేకర్ల మీద కారు అడుగు గీసుకుంటోందని అడిగితే చాలు, దీన్నే చూపిస్తారు. మంచి వస్తువే. కానీ అది కాపాడేది ముందు చక్రాల మధ్య ఉన్న ఆయిల్ చాంబర్‌ని (ఇంజన్ ఆయిల్ నిలిచే అడుగు తొట్టిని), గేర్‌బాక్స్ అడుగుని మాత్రమే. కారు ఎక్కడ తగులుతోందో చూడకుండా కొంటే డబ్బు దండగ.

అందుకని ముందు కారును లిఫ్ట్ ఎక్కించి గీతలు చూడాలి. చాంబర్ మీద, ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజన్ కింద ఉండే ఇనుప చట్రం) అంచున ఉంటే చాలాసార్లు కారణం బ్రేకే. దిబ్బ ఎక్కేదాకా బ్రేకు తొక్కిపట్టుకుంటే ముక్కు కిందికి వంగుతుంది. ముందే వేగం తగ్గించి, చక్రం దిబ్బను తాకే ముందు బ్రేకు వదిలేస్తే ముక్కు మళ్లీ లేస్తుంది. ఇలా తగిలే కారుకు గార్డ్ తప్పకుండా పనికొస్తుంది. గీతలు కారు నడుమ, సైలెన్సర్ పైపు మీద, దాని ఫ్లాంజి (పైపు ముక్కలను కలిపే అంచు) మీద ఉంటే మాత్రం గార్డ్ అక్కడిదాకా రాదు.

నడుమ ఎందుకు తగులుతుందో ఒక లెక్క చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధమున్న వంపు. మన దగ్గర టాక్సీలుగా ఎక్కువగా తిరిగే డిజైర్‌కు ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2,450 మి.మీ., గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ కారు అడుగుకూ మధ్య ఎడం) 163 మి.మీ. ఆ హంప్ మీద నాలుగు చక్రాలూ హంప్ మీదే ఉంటాయి కాబట్టి నడుమ ఆ ఎడంలో తగ్గేది 44 మి.మీ. మాత్రమే. అదే ఊళ్లో ఇంటి ముందు సిమెంటుతో కట్టిన, అడుగు వెడల్పు, 150 మి.మీ. ఎత్తున్న దిబ్బ అయితే చక్రాలు రెండు పక్కలా నేల మీదికి దిగిపోతాయి, ఎత్తంతా నడుముకే వస్తుంది. మిగిలేది 13 మి.మీ. ఐదుగురు కూర్చుని, డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ కూడా ఉంటే ఆ కాస్తా పోతుంది. ఇలాంటి దిబ్బను ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దించాలి. లేదా వెనక కూర్చున్నవాళ్లను దించాలి. ఇంకే రేకూ కాపాడదు.

ఇక రేకు సంగతి. 70 × 60 సెంటీమీటర్ల కొలతకు 2 మి.మీ. ఇనుప రేకు సుమారు 6.6 కిలోలు, 3 మి.మీ. అయితే దాదాపు 10 కిలోలు, 4 మి.మీ. అల్యూమినియం 4.5 కిలోలు. ఊళ్ల మధ్య తిరిగే చిన్న కారుకు గట్టిదనం కోసం మడతలు వేసిన 2 మి.మీ. ఇనుము చాలు. మడత లేని చదును రేకు ఎంత మందమున్నా ఒక్క దెబ్బకు వంగి చాంబర్‌కే ఆనుతుంది. ఆ దెబ్బ నేరుగా చాంబర్‌కే పోతుంది, ఇక గార్డ్ ఉండీ లేనట్టే.

బిగింపు సబ్‌ఫ్రేమ్‌లో కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే ఉండాలి. ప్లాస్టిక్ కవర్ క్లిప్పులకో, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కో బిగిస్తే ఒప్పుకోవద్దు. ఆర్మ్ కదిలే భాగం, రేకు దాన్ని పట్టేస్తుంది. 8 మి.మీ. బోల్టు, 8.8 గ్రేడు (బోల్టు బలాన్ని చెప్పే అంకె), నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్నది), సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగువు. రేకుకూ చాంబర్‌కూ మధ్య కనీసం వేలు దూరేంత సందు కావాలి. ఆ సందు, రేకు మందం కలిపి గ్రౌండ్ క్లియరెన్స్ 15 మి.మీ. దాకా తగ్గుతుందని ముందే తెలుసుకోండి. పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టుకు ఎదురుగా రంధ్రం లేకపోతే ఆయిల్ మార్చిన ప్రతిసారీ రేకు ఊడదీయాలి. 500 కి.మీ. తిరిగాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. గడగడమని మోత వస్తోందనే ఫిర్యాదులు చాలావరకు అక్కడే తీరిపోతాయి. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో తిరిగే కారుకు వానాకాలంలో రేకు మీద పేరుకున్న మట్టిని నీళ్లతో కడిగించాలి. తడి మట్టి పేరుకుంటే రేకు బరువెక్కుతుంది, తుప్పు లోపలినుంచి మొదలవుతుంది.

స్ప్రింగుల మధ్య దూర్చే రబ్బరు బఫర్లను దీనికి బదులుగా అమ్ముతారు. కారు కొంచెం లేస్తుంది, నిజమే. స్ప్రింగు ఆడే చోటు తగ్గి కుదుపు పెరుగుతుంది, స్ట్రట్ మౌంటు (షాక్ అబ్జార్బర్ పైన ఉండే రబ్బరు బిగింపు) తొందరగా పోతుంది. మేం సిఫారసు చెయ్యం.

గార్డ్ ఉన్నా గట్టి దెబ్బ తగిలితే కారు ఆపి కింద చూడండి. అల్యూమినియం చాంబర్ పగులుతుంది, ఆయిల్ కారి బయటపడుతుంది. ఇనుప చాంబర్ సొట్టపోతుంది, అదే ఎక్కువ ప్రమాదం. సొట్ట లోపలి స్ట్రైనర్‌ను (ఆయిల్ పంపు పీల్చే జల్లెడను) మూసేస్తే చుక్క కారకుండానే ఆయిల్ పైకి ఎక్కడం ఆగిపోతుంది. ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే ఇంజన్ ఆపి, కారును కట్టి లాక్కెళ్లాలి. లైటు వెలిగినా నడిపి ఇంజన్ పట్టేస్తే మామూలు బీమా పాలసీ ఆ నష్టాన్ని ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉన్నా షరతులు చదువుకోవాలి. ఇంకో జాగ్రత్త: కారిన ఆయిల్ నేల మీద పడకుండా గార్డే పట్టేసుకుంటుంది కాబట్టి, బిగించినప్పటినుంచి వారానికోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూస్తుండాలి.