పెంగ్–రాబిన్సన్ సమీకరణం: దీర్ఘకాల వాడకం తర్వాత ఒక సమీక్ష

సహజవాయువు శుద్ధి లెక్కలకు పెంగ్–రాబిన్సన్ స్థితి సమీకరణాన్ని (పీడనం, ఉష్ణోగ్రత, ఘనపరిమాణాలను కలిపే సూత్రం) ఏళ్ల తరబడి వాడుతూ, ఆ ఫలితాలను సఫైర్ కిటికీ ఉన్న అధిక పీడన సెల్‌లో కంటితో చూసిన కొలతలతో పోల్చుకుంటూ వచ్చిన మీదట ఏర్పడిన అభిప్రాయం ఇది. సమీకరణం చాలావరకు నమ్మదగినదే. అనుమానించవలసింది ముందుగా దానికి మనం అందించే వాయువు కూర్పును.

పాత రెడ్లిక్–క్వాంగ్ సమీకరణానికి 1972లో సోవే చేసిన సవరణ తర్వాత 1976లో వెలువడిన ఈ సమీకరణం వాయువులోని ప్రతి ఘటకానికీ సందిగ్ధ ఉష్ణోగ్రత, సందిగ్ధ పీడనం, అసెంట్రిక్ ఫ్యాక్టర్ (అణువు ఆకారం గోళం నుంచి ఎంత భిన్నమో సూచించేది) అనే మూడు సంఖ్యలే అడుగుతుంది. రెండేసి ఘటకాల మధ్య ఆకర్షణను సరిదిద్దే ఇంటరాక్షన్ పారామీటర్‌ను మాత్రం ప్రయోగ ఫలితాల నుంచి రాబట్టి ఇవ్వాలి. కార్బన్ డయాక్సైడ్, తేలిక హైడ్రోకార్బన్ల జంటలకు అది 0.1 దరిదాపుల్లో ఉంటుంది కనుక సున్నాగా వదిలేయడం కుదరదు. ఈ మాత్రం జాగ్రత్త తీసుకుంటే మీథేన్, ఈథేన్, ప్రొపేన్‌లను వేరుచేసే స్వేదన స్తంభాల లెక్కల్లో ఇది నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. వేగంలోనూ దీనికి వంక పెట్టలేము.

అసలు పరీక్ష హైడ్రోకార్బన్ డ్యూ పాయింట్ (వాయువు నుంచి తొలి ద్రవం ఏర్పడే స్థితి) దగ్గర మొదలవుతుంది. వాయువులోని ప్రతి ఘటకం మోల్ భాగాన్నీ దాని సమతౌల్య నిష్పత్తితో (వాయువులోని భాగానికీ ద్రవంలోని భాగానికీ మధ్య నిష్పత్తి) భాగించి కూడితే మొత్తం 1 అయ్యే చోట తొలి ద్రవబిందువు పుడుతుంది. ఒక బరువైన ఘటకం మోల్ భాగం లక్షలో ఒక వంతు, దాని నిష్పత్తి పదివేలలో ఒక వంతు అనుకుంటే, ఆ భాగహారం 0.1 ఇస్తుంది. అంటే వాయువులో ఆనవాలుగా కూడా లెక్కలోకి రాని పదార్థం తొలి బిందువులో పదో వంతును ఆక్రమిస్తుంది. అందువల్ల హెక్సేన్, అంతకంటే బరువైనవన్నీ ఒకే మూటగా కట్టిన క్రోమటోగ్రాఫ్ (వాయువు కూర్పును విశ్లేషించే యంత్రం) నివేదికతో డ్యూ పాయింట్ లెక్కించి, కొలతతో కలవలేదని సమీకరణాన్ని నిందించడం అన్యాయం. డోడెకేన్ (12 కార్బన్ల హైడ్రోకార్బన్) వరకు విడివిడిగా తేల్చిన విశ్లేషణ ఇచ్చినప్పుడు నా అనుభవంలో ఆ తేడా గణనీయంగా తగ్గింది.

కొలత కూడా అంత సులువైనది కాదు. ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచి పీడనాన్ని మెల్లగా తగ్గిస్తూ పోతే, కిటికీ అంచున ముందు ఒక సన్నని మసక పొర కనిపిస్తుంది. అది ద్రవమా, లోపలి కాంతి చేసిన భ్రమా అన్నది సెల్‌లో కలియబెట్టడం ఆపి, పీడనమాపకం నిలకడకు వచ్చేదాకా ఆగితే గానీ తేలదు. పీడనం తగ్గిస్తే ద్రవం ఏర్పడటమనే ఈ విలోమ సంఘననం సహజవాయువుకు మామూలే అయినా, మొదటిసారి చూసేవారికి యంత్రం తలకిందులుగా పనిచేస్తున్నట్టు తోస్తుంది. నమూనా సిలిండర్‌ను తగినంత వేడి చేయకుండా వాయువు తీస్తే బరువైన ఘటకాలు గోడలకే అంటుకుపోతాయి. సెల్‌లోకి వచ్చేది పైప్‌లైన్‌లోని వాయువు కాదు, దాని పలచని నీడ. ఖరీదైన సెల్ కొనేముందు సిలిండర్లను, వాటిని వేడి చేసే గొట్టాలను చక్కబెట్టుకోవడం మేలని నేను గట్టిగా చెబుతాను.

ద్రవ సాంద్రత ఈ సమీకరణానికి పాత బలహీనత. 1982లో పెనెలూ తదితరులు ప్రతిపాదించిన ఘనపరిమాణ సవరణ దాన్ని చాలావరకు సరిదిద్దుతుంది, పైగా సమతౌల్య ఫలితాలను కదపదు. వాయువు అమ్మకాల కొలత ఒప్పందాలకు అవసరమైన కచ్చితత్వం కావాలంటే 21 ఘటకాల గెర్గ్-2008 అనే మరో స్థితి సమీకరణం మెరుగు. అయితే దాని జాబితా డెకేన్‌తో ముగుస్తుంది, వాయువులోని నీటిని పీల్చేందుకు వాడే గ్లైకాల్‌కు అందులో చోటు లేదు. నీటి విషయంలో ఒకే ఇంటరాక్షన్ పారామీటర్‌తో వాయువులోని నీటినీ, నీటిలో కరిగిన హైడ్రోకార్బన్‌నూ రెండింటినీ సరిగ్గా పట్టుకోవడం అసాధ్యం. గ్లైకాల్ యూనిట్లకు 1996లో వచ్చిన, అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలను లెక్కలోకి తీసుకునే సీపీఏ నమూనాకు మారాను.

ఇంకొక హెచ్చరిక ఘనప్రావస్థ గురించి. పెంగ్–రాబిన్సన్‌కు వాయువు, ద్రవం మాత్రమే తెలుసు. కార్బన్ డయాక్సైడ్ త్రిక బిందువు (ఘన, ద్రవ, వాయు స్థితులు మూడూ కలిసి ఉండే చోటు) మైనస్ 56.6 డిగ్రీల సెల్సియస్ కాగా, మీథేన్‌ను వేరుచేసే స్తంభం పైభాగం అంతకంటే చాలా చల్లగా నడుస్తుంది. అక్కడి పళ్లేల మీద గడ్డకట్టే ప్రమాదాన్ని ఈ సమీకరణం దానంతటదిగా చెప్పదు, లెక్క ఏ అడ్డూ లేకుండా పూర్తయిపోతుంది. ఘన కార్బన్ డయాక్సైడ్ ఫ్యుగాసిటీని (ఒక స్థితి నుంచి తప్పించుకునే ధోరణిని తెలిపే, పీడనంలాంటి విలువ) విడిగా లెక్కగట్టి, ప్రతి పళ్లెం మీది ద్రవంలోని విలువతో పోల్చి చూడాలి.