బోరు నీళ్ల జుట్టుకు కండిషనర్: కొన్నేళ్లు వాడాక

సీసా ముందు ఆర్గాన్ నూనె, ఉల్లిపాయ, కలబంద బొమ్మలు ఎన్నయినా ఉండనీ, పని చేసేది వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మొదటి నాలుగైదు పేర్లే. బోరు నీళ్లతో తలంటుకునే మా ఇంట్లో రకరకాల సీసాలు తిరిగాక నిలబడిన జత ఒకటే: సీటరిల్ ఆల్కహాల్, బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్.

ఆల్కహాల్ అనగానే బెదిరిపోకండి. సీటరిల్ మైనంలాంటి కొవ్వు పదార్థం. జుట్టును ఎండగొట్టేది 'ఆల్కహాల్ డీనాట్'. ఇక రంగులకూ ఎండకూ దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం పెరుగుతుంది, బెహెన్‌ట్రైమోనియంది ధనావేశం. అందుకే పాడైన చివర్లకే ఎక్కువ పట్టుకుంటుంది, కడిగాకా కొంత మిగులుతుంది.

తల కడిగాక జుట్టు పిండి నీరు తీసేయాలి. నీళ్లోడుతుంటే రాసింది జారిపోతుంది. భుజాల దాకా ఉన్న జుట్టుకు ఒక చెంచా చాలు, చెవుల కిందినుంచే. రెండు నిమిషాలు ఉంచి, అది ఉండగానే పెద్ద పళ్ల దువ్వెనతో చివరి నుంచి పైకి చిక్కు తీసి కడిగేయాలి. మాడుకు రాస్తే జుట్టు చప్పబడుతుంది. షాంపూలో కలిపి రాయడం శుద్ధ దండగ: రెండిటి ఆవేశాలూ ఎదురెదురు, ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి.

డైమెథికోన్ అనే సిలికోన్ మెరుపిస్తుంది కానీ నీళ్లలో కరగదు. పల్చటి జుట్టు మీద పేరుకుని జిడ్డుగా వేలాడుతుంది. అప్పుడొకసారి సల్ఫేట్ షాంపూ చాలు. జుట్టు జిడ్డుగా కాక గరగరలాడుతుంటే ఆ తప్పు బోరు నీళ్ల ఉప్పులది, దానికి ఆ ఉప్పులను పట్టేసే ఈడీటీఏ ఉన్న షాంపూ వెతకండి.

భద్రత మాటకొస్తే, కడిగేసేదాన్ని రాత్రంతా ఉంచుకోవద్దు. ఐరోపాలో బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్‌కు కడిగేసే రకాల్లో 5 శాతం, తలకు ఉంచుకునే రకాల్లో 3 శాతం పరిమితి. కళ్లలో పడితే మండుతుంది. డీ4, డీ5 సిలికోన్లను నీటి వనరుల్లో నిలిచిపోతాయనే 2020 నుంచి అక్కడ కడిగేసే రకాల్లో 0.1 శాతానికి తగ్గించారు.

దురదకు అందరూ సిలికోన్‌ని తిడతారు. నా అనుమానం ముందు సరుకు పాడవకుండా కలిపే నిల్వ పదార్థం మీదికీ పరిమళం మీదికీ పోతుంది. మెడ వెనక, నుదుటి అంచున, కనురెప్పల మీద దద్దు లేస్తే సీసా మీద మిథైల్ ఐసోథయజోలినోన్ అనే నిల్వ పదార్థం పేరు ఉందేమో చూడండి. ఉంటే ఆపేసి చర్మవైద్యులకు ఆ సీసానే చూపించండి.