పీఎల్ఏ2ఆర్ రక్తపరీక్షా, 24 గంటల యూరిన్ క్యానా: ఏది మేలు?

నిరుడు వేసవిలో మా నాన్నగారి కాళ్లు వాచాయి. సాక్సు విప్పితే చీలమండ చుట్టూ పడ్డ గాడి గంటసేపైనా పోయేది కాదు. విజయవాడ సూర్యారావుపేటలో డాక్టరుగారు యూరిన్ చూసి, బయాప్సీ చేయించి, మెంబ్రేనస్ నెఫ్రోపతీ అన్నారు. కిడ్నీ అనగానే చుట్టాలంతా కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఎ.కొండూరు తండాల సంగతులు ఎత్తుకుని, తాగే నీళ్లు మార్చమని పట్టుబట్టారు. ఇది ఆ జబ్బు కాదు. ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలే కిడ్నీ జల్లెడకు అతుక్కుని దాన్ని పాడుచేస్తాయి. ఆపైన ప్రొటీన్ మూత్రంలో కారిపోతుంది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే చర్చ. జబ్బు తగ్గుతోందో ముదురుతోందో ఏ టెస్టు చెబుతుంది?

కిడ్నీలు వడగట్టాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చూసే క్రియాటినిన్ టెస్టు చవక. వీధి చివర ల్యాబ్‌లోనూ చేస్తారు, చేయించాల్సిందే. కానీ కిడ్నీ పనితనం సగం పడిపోయేదాకా అది పెద్దగా కదలకపోవచ్చు. కండ తగ్గిన పెద్దవాళ్లలో ఇంకా తక్కువ కనిపిస్తుంది. నాన్నగారికి రోజుకు ఆరు గ్రాముల ప్రొటీన్ పోతున్నప్పుడు కూడా అది 0.9 దగ్గరే ఉంది. ‘బాగానే ఉందిగా!’ అన్నాడు బాబాయి. ఆ ధైర్యమే ప్రమాదం.

ఇక క్యాను. పొద్దున్నే మొదటిసారి పోసింది పారబోయాలి. అక్కడి నుంచి మర్నాడు అదే వేళకు పోసేదాకా ప్రతి బొట్టూ పట్టాలి. చెప్పినంత తేలిక కాదు. ఒకసారి ఆయన మధ్యలో తెనాలిలో గృహప్రవేశానికి వెళ్లొచ్చారు. రిపోర్టులో మూడు గ్రాములే! ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. రోజూ ఇంచుమించు ఒకేలా బయటికిపోయే క్రియాటినిన్ ఆ యూరిన్‌లో మొత్తం ఎంతుందో డాక్టరుగారు చూసి, ‘క్యాను నిండలేదండీ’ అన్నారు. నాన్నగారిని గట్టిగా అడిగితే, రెండుసార్లు ఫంక్షన్ హాల్లోనే కానిచ్చేశానని ఒప్పుకున్నారు. సరిగ్గా పడితే మాత్రం కారుతున్న ప్రొటీన్‌కి ఇంతకన్నా నమ్మకమైన లెక్క లేదు. నెలనెలా చూసుకోవడానికి పొద్దుటి యూరిన్‌లో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చాలు.

కిడ్నీ జల్లెడ మీదుండే పీఎల్ఏ2ఆర్ అనే ప్రొటీన్‌కు అతుక్కునే యాంటీబాడీ కథ వేరు. ఈ జబ్బులో దాని పాత్ర బయటపడింది 2009లో. వేరే కారణం లేకుండా మెంబ్రేనస్ వచ్చినవాళ్లలో సుమారు 70 నుంచి 80 శాతం మంది రక్తంలో ఇది ఉంటుంది. మామూలు యూరిన్ టెస్టుకు చాలా రెట్లు ఖర్చు. మా శాంపిల్ హైదరాబాద్ వెళ్లొచ్చేది.

యాంటీబాడీల తయారీని తగ్గించే రిటుక్సిమాబ్ మందు రెండు డోసులు పడ్డాక నాలుగో నెలలో యూరిన్ ఇంకా అయిదు గ్రాముల దగ్గరే వేలాడుతోంది. మందు పనిచేయలేదని టెన్షన్. యాంటీబాడీ చూస్తే 180 నుంచి 12కి దిగింది. మా ల్యాబ్ వాడే పద్ధతిలో 14 లోపుంటే నెగటివ్, 20 దాటితే పాజిటివ్. రక్తంలో యాంటీబాడీ పోయినా, జల్లెడ మీద పేరుకున్నది కరిగి చిల్లులు పూడటానికి నెలలు పడుతుందట. అందుకే యూరిన్ ఆలస్యంగా దారికొస్తుంది. తగ్గిన జబ్బు తిరగబెట్టేటప్పుడూ తరచుగా ముందు పెరిగేది యాంటీబాడీయే.

అందుకే జబ్బు ఎటు పోతోందో తెలియాలంటే నా ఓటు దీనికే. మొదట్లోనే నెగటివ్ వచ్చినవాళ్లకు మాత్రం ఆ డబ్బు చాలావరకు దండగ. ల్యాబ్ మారితే పద్ధతి మారి అంకెలు పోల్చలేం, ఒకే చోట చేయించాలి. మేం మూడు నెలలకోసారి ఇది, నెలకోసారి నిష్పత్తి, మందు మార్చేముందు క్యాను అని డాక్టరుగారితో ఖాయం చేసుకున్నాం.

ఈ గొడవలో పడి రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూడటం మరిచిపోకండి. అది 2.5 కన్నా తగ్గితే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నాన్నగారికి 2.1 ఉన్నప్పుడు రక్తం పల్చబడే మందు మొదలుపెట్టింది ఆ చవక టెస్టు చూసే.