ఎన్నికల నెలలో జిల్లా పేపరు: ఏ పేజీ ఓటరుది, ఏ పేజీ అభ్యర్థిది

ఎన్నికల నెలలో నెల్లూరు, ఒంగోలు ఎడిషన్లు కొనేవాళ్లకు మెయిన్ పేపరుకన్నా లోపలి జిల్లా పేజీలతోనే ఎక్కువ పని. మెయిన్‌లో ఏ పత్రిక ఎవరి వైపు మొగ్గుతుందో టీ అంగడి దగ్గర అందరికీ తెలిసిందే. జిల్లా పేజీల సంగతి వేరు. ఓటరుకు పనికొచ్చే సమాచారమూ, బురిడీ కొట్టించే సరుకూ వాటిలో పక్కపక్కనే ఉంటాయి.

ముందు ఎవరూ చదవని మూల చూద్దాం. కేసులున్న అభ్యర్థి తన మీద ఏమేం ఉన్నాయో ఫారం సి-1లో తానే పేపర్లో అచ్చు వేయించుకోవాలి. 2018 సెప్టెంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చిన ఏర్పాటు ఇది. నామినేషన్ల ఉపసంహరణ ముగిశాక మొదటి 4 రోజుల్లో ఒకసారి, 5 నుంచి 8 రోజుల మధ్య రెండోసారి, 9వ రోజు నుంచి ప్రచారం ముగిసేలోపు మూడోసారి. అక్షరం సైజు 12 పాయింట్లకు తగ్గకూడదు. ఆ నిబంధన పాటిస్తూనే దాన్ని టెండరు నోటీసుల మధ్య ఎవరి కంటా పడకుండా ఇరికించవచ్చు. అందుకే ఒక్క రోజు పేపరు చూసి 'ఫలానాయనకు కేసుల్లేవు' అనుకోవద్దు. ఉపసంహరణ నుంచి ప్రచారం ముగిసేదాకా వరసగా తిరగేయాలి. ఇలాంటి అభ్యర్థికి టికెట్ ఎందుకిచ్చారో పార్టీ కూడా ప్రకటించాలి. గెలుస్తాడు కాబట్టి ఇచ్చామంటే చెల్లదని 2020లో కోర్టే చెప్పింది. ఈ నోటీసుల కోసమైనా పేపరు డబ్బులు గిట్టుబాటవుతాయి.

ఇక హద్దుల తిరకాసు. పేపరు జిల్లా ప్రకారం పేజీలు కడుతుంది, ఎంపీ ఓటు మాత్రం పార్లమెంటు స్థానం ప్రకారం పడుతుంది. 2024లో సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోనే ఉన్నా ఎంపీ ఓటు తిరుపతికి. సంతనూతలపాడు ప్రకాశం జిల్లాలోది, ఓటేమో బాపట్లకు. కందుకూరు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టేదాకా ప్రకాశం జిల్లాలో ఉంటూనే నెల్లూరు ఎంపీకి ఓటేసింది. ముత్తుకూరు పాఠకుడు నెల్లూరు ఎంపీ అభ్యర్థి పర్యటనలన్నీ తీరిగ్గా చదివినా, ఆయన పేరు తన ఈవీఎం మీద కనిపించదు. ఇలాంటిచోట ఈ-పేపర్‌లో పక్క జిల్లా ఎడిషన్ తెరవక తప్పదు.

ప్యాకేజీ వార్తను, అంటే డబ్బు తీసుకుని వార్తలా వేసే ప్రకటనను (పెయిడ్ న్యూస్), పట్టుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లో చెప్పిన గుర్తులు ఇప్పటికీ పనికొస్తాయి: పోటీ పత్రికల్లో అదే ఫొటో, అవే వాక్యాలు, ఒకే పేజీలో పైన ఒకాయనకు గెలుపు ఖాయం, కింద ఆయన ప్రత్యర్థికీ గెలుపు ఖాయం. ఇంటింటి ప్రచారం వార్తలో 'అడుగడుగునా బ్రహ్మరథం' ఉండి, ఏ వీధి, జనం ఏమడిగారు అన్నది లేకపోతే అక్కడే ఆగండి. ఒక్క పత్రికే చదివేవాళ్లకు ఇవి దొరకవు. రోజూ కాకపోయినా ఆదివారం రెండు కొని పక్కపక్కన పెట్టాలి.

అనుమానమొస్తే ఎన్నికల ప్రకటనలను, పెయిడ్ వార్తలను పరిశీలించే జిల్లా స్థాయి కమిటీ ఎంసీఎంసీకి ఫిర్యాదు చేయవచ్చు. కత్తిరింపుతో పాటు పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ నంబరు ఉండాలి. రెండో పత్రికలో వచ్చిన అదే వార్తను జతచేస్తే బలం. వార్త అచ్చయిన లేదా ఫిర్యాదు అందిన 96 గంటల్లోగా అభ్యర్థికి నోటీసు వెళ్లాలి, అది అందిన 48 గంటల్లో ఆయన జవాబివ్వాలి. కాబట్టి వారం కూర్చుని ఆలోచించకుండా వెంటనే పంపండి. పెయిడ్ అని తేలితే ప్రకటన రేటు కట్టి ఆయన ఖర్చులో కలుపుతారు. 2024లో అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 40 లక్షలు. అసలు చిక్కు రుజువు దగ్గరే: డబ్బు చేతులు మారినట్టు రశీదు ఉండదు.

పేపరు మధ్యలో జారిపడే కరపత్రం సంగతి ఇంకా తేలిక. కింద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ కింద నేరం, 6 నెలల దాకా జైలు లేదా 2,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. పేపరు వేసే కుర్రాడి మీద అరవడం దండగ. దాన్ని ఫొటో తీసి ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో పెట్టండి.

జిల్లా పేజీని మరీ తీసిపారేయడమూ న్యాయం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్లు మూయించినప్పుడు ఊరూరి కబురును పత్రికలు, ముఖ్యంగా 'ఈనాడు', రోజూ మోశాయి. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం పెద్ద హామీ అయింది. ఆ వార్తల్లో ఊరి పేరుండేది, మనిషి పేరుండేది, ఏ అంగడో ఉండేది. నేటి ఎన్నికల పేజీలో పట్టుమని పది వాక్యాలు అలాంటివి దొరికితే ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఇప్పటికి రెండున్నర, అందులో రెండు సి-1 నోటీసులకే.

చివరి రెండు రోజుల పేపరు జాగ్రత్త. 48 గంటల ప్రచార విరామం టీవీకి వర్తించినట్టు పత్రికలకు వర్తించదు. పోలింగ్ రోజు, ముందురోజు అచ్చయ్యే ప్రకటనకు మాత్రం ఎంసీఎంసీ ముందస్తు అనుమతి కావాలి, వార్తకు అక్కర్లేదు. ఆ రెండు రోజులూ ప్రకటనలు పలచబడి, ప్రశంసల 'వార్తలు' చిక్కబడ్డాయేమో కాలమ్‌లు లెక్కేసి చూడండి.